గులాబియు, హస్తవాసియు

"మా యింట మల్లె పూచును, కనకాంబరము పూచును, తులసి కోటనిండ పెరుగును, గులాబి మాత్రము నా చేతికి రాదమ్మా" అను మాట మన స్త్రీలలో తఱచుగా వినబడుచుండును. కొని తెచ్చిననాడు రెండు మొగ్గలతో కలకలలాడిన మొక్క నెల తిరుగకముందే ఆకులు రాల్చి, కొమ్మలు నల్లబడి, పుల్లయై నిలుచును. మఱియొకటి తెత్తురు. అదియు నంతే. మూడవదానికి ఇంటిలో నెవరో యొకరు "నీకు హస్తవాసి లేదు" అందురు. ఆ మాటతో ఆ యింట గులాబికథ ముగియును.

హస్తవాసి మంచిదని వైద్యుని మెచ్చుకొన్నను, వంటచేసిన యిల్లాలిని మెచ్చుకొన్నను ఎవరికిని నష్టము లేదు. కాని మొక్క యెండినపుడు ఆ మాట తలక్రిందుగా వచ్చును. అది యెల్లరికి సమానముగా తగులదు. పిల్లలతల్లి నాటిన మొక్క చచ్చినచో "ఎండలు మెండుగా నున్నవి" అందురు. బిడ్డలు లేని యామె నాటినది చచ్చినచో "ఆ చేయి యట్టిది" అందురు. భర్త పోయిన యామెను పూలమొక్క ముట్టవలదనువారు నేటికిని లేకపోలేదు. ఒక మొక్క చావునకు ఒక స్త్రీ యదృష్టమును సాక్ష్యమునకు పిలుచుట యెంత యన్యాయము! అందుచే ఈ నెల గులాబి పెంపకమును ఆ మాటకు సమాధానముగా చెప్పదలచితిని. గులాబి యెండుటకు గల కారణములు కంటికి కానవచ్చునవి, వ్రేలితో పరీక్షింపదగినవి, కత్తెరతో సరిచేయదగినవి. వానిలో చేతిగీతల ప్రసక్తి యెచ్చటను లేదు.

మన కవులు స్త్రీస్పర్శకు చెట్లు పూచునని వర్ణించిరి. దానికి దోహదమని పేరు. అశోకమునకు పాదతాడనము, పొగడకు పుక్కిటి మధువు, కురవకమునకు కౌగిలి, తిలకమునకు చూపు. కాళిదాసుని మాళవికాగ్నిమిత్రమున మాళవిక అశోకమును పాదమున తాకుట కథకే కీలకము. కల్పన యెంత మధురమైనను కల్పనయే. అయినను ఒకటి గమనింపుడు. ఆ కల్పనలో స్త్రీస్పర్శ పూయించునదే కాని యెండగొట్టునది కాదు. నేటి లోకులు ఆ కవులపాటి మర్యాదనైనను మనకు చూపకున్నారు. గులాబికి నిజముగా కావలసిన దోహదములు నాలుగు: ఎండ, వేళ్లకు గాలి, మితమైన నీరు, సకాలమున కత్తెర.

ఏ గులాబిని నాటవలెను?

గులాబి యను పేరు పారశీకమునుండి వచ్చినది. ఆ భాషలో గుల్ అనగా పువ్వు, ఆబ్ అనగా నీరు. గులాబ్ అనగా పన్నీరు. పన్నీటి పేరు మనయొద్ద పువ్వునకు వచ్చి చేరినది. 16వ శతాబ్దమునాటి వైద్యగ్రంథమగు భావప్రకాశమున శతపత్రి, తరుణి అను పేర్లతో చెప్పబడిన పుష్పమును వైద్యులు గులాబిగనే గ్రహింతురు.

నేడు దుకాణములలో కానవచ్చు పెద్దపూల గులాబులలో హెచ్చుభాగము హైబ్రిడ్ టీ యను తరగతికి చెందినవి. 1867లో ఫ్రాన్సుదేశమున గీయో అను తోటకాపు వెలువరించిన లా ఫ్రాన్స్ అను రకముతో ఈ తరగతి యారంభమైనదని లెక్కింతురు. చల్లని దేశములలో పుట్టి పెరిగిన రకములలో ననేకము మన వైశాఖపు టెండకు తాళలేవు. ఈ కొఱత తీర్పవలెనని మన దేశమున పాటుపడినవారు కలరు. గోధుమ పరిశోధనలో ప్రసిద్ధులై, 1965లో భారత వ్యవసాయ పరిశోధన మండలికి మొదటి డైరెక్టరు జనరలైన డాక్టరు బి.పి. పాల్ గారు (1906-1989) పెక్కు గులాబి రకములను స్వయముగా సృజించిరి. ఆంధ్రప్రదేశమున ఐ.ఏ.ఎస్. అధికారిగా పనిచేసిన ఎం.ఎస్. వీరరాఘవన్ గారు తూర్పుభారతపు నీటియొడ్డుల పెరుగు రోజా క్లినోఫిల్లా, మణిపురపు కొండలలోని రోజా జైగాంటియా అను అడవిగులాబులను సంకరపరచి, వేడిదేశములకు తగిన రకములకై కృషి చేసిరి. ఇంతటివారు రకముకొఱకై యిన్నేండ్లు శ్రమించిరన్న, రకమునకు గల ప్రాధాన్యము తెలియుచునే యున్నది. కావున మొక్క చచ్చినపుడు మొదట అడుగవలసినది "ఎవరు నాటిరి?" అని కాదు, "ఏది నాటిరి?" అని.

క్రొత్తగా మొదలుపెట్టు సోదరి పరిమళముగల నాటుగులాబితో నారంభించుట మేలు. పువ్వు చిన్నదైనను మొక్క గట్టిది. పెన్సిలు లావున నున్న ముదురుకొమ్మను 6 మొదలు 8 అంగుళముల పొడవున కోసి, చలికాలమున ఇసుక కలిపిన మన్నులో గ్రుచ్చినచో వేరుపట్టును. ఇట్టి మొక్క తన వేళ్లమీద తానే నిలుచును.

పెద్దపూల రకములు సాధారణముగా అంటుమొక్కలు. వేళ్లు ఒక అడవిగులాబివి, పైభాగము మనము కోరిన రకము. రెండును కలిసినచోట ఒక ముడి కనబడును. ఆ ముడి మన్నునకు 2 అంగుళములు పైన నుండవలెను. ముడికి దిగువనుండి వచ్చు పిలక అడవిమొక్కది. అది విజృంభించి పై మొక్క తిండి తినివేయును. "రంగుగులాబి తెచ్చితిమి, కొన్నాళ్లకు గుత్తులుగా చిన్న తెల్లపూలు పూయుచున్నది" అను వింత యిట్లు కలుగునదే. ఏడాకులున్న రెమ్మ అడవిదనియు, అయిదాకులున్నది మంచిదనియు చెప్పుదురు కాని, ఆ గుర్తు నమ్మదగినది కాదు. మంచి రకములకును ఏడాకులు వచ్చును. రెమ్మ ముడికి పైన పుట్టినదో, క్రింద పుట్టినదో చూచుటే సరియైన పరీక్ష. క్రిందిదైనచో మన్ను తొలగించి, మొదలంట పెఱికివేయవలెను.

చోటును, మన్నును

గులాబికి దినమునకు 6 గంటల యెండ కావలెను. అందును ఉదయపు టెండ శ్రేష్ఠము. అది ఆకులమీది మంచును వేగముగా ఆర్చును; ఆకు ఆరిననే తెగులు రాదు. నడివేసవిలో మధ్యాహ్నము రెండు మూడు గంటలు నీడ దొరకిన మంచిది. ఎప్పుడును నీడనే యుండు వసారాలో మొక్క బ్రదుకవచ్చును గాని పూయదు. మేడమీద కుండీలు పెట్టువారు వానిని కాలిన కప్పుమీద నేరుగా నుంచక, ఇటుకలమీద నెత్తి పెట్టవలెను. అడుగున గాలియు ఆడును, వేళ్లును ఉడుకవు.

నేలలో నాటువారు ఒకటిన్నర అడుగు పొడవు, వెడల్పు, లోతుగల గొయ్యి త్రవ్వి కొన్నాళ్లు ఎండనిచ్చి, పైమన్నులో బాగుగా చివికిన పశువుల యెరువును, రెండు గుప్పిళ్లు వేపపిండిని కలిపి నింపవలెను. నల్లరేగడి భూములలో నీరు దిగదు. అచ్చట మట్టిని జానెడెత్తు మడిగా పోసి, దానిపై నాటుట మేలు. కుండీయైనచో 12 అంగుళములకు తక్కువ పనికిరాదు. రెండుపాళ్లు ఎఱ్ఱమన్ను, ఒకపాలు చివికిన యెరువు, ఒకపాలు ముతక యిసుక కలిపినచో చాలును. పచ్చిపేడ వేయరాదు, అది వేళ్లను కాల్చును, చెదలను పిలుచును.

కొనితెచ్చిన మొక్కను ఆ దినముననే నాటనక్కఱలేదు. వారము దినములు వెలుతురుగల నీడలో నుంచి, మన గాలికి అలవాటుపడనిండు. కొన్ని మొక్కల వేళ్లచుట్టును జిగటమన్ను ముద్దవలె నుండును. దాని నట్లే మంచి మన్నులో పాతినచో చుట్టుప్రక్కల తడి యున్నను లోని ముద్ద యెండిపోవును, లేదా తడిసి ఆరకుండును. బొక్కెన నీటిలో కొంతసేపుంచి, అంచుల మన్నును మెల్లగా కరగనిచ్చి, వేళ్లు తెగకుండ నాటవలెను. కడియము ప్రాంతపు నర్సరీలనుండి మన జిల్లాలకు మొక్కలు ఏడాది పొడుగునను వచ్చుచునే యుండును. కాని దొరకుచున్నవి కదా యని మండువేసవిలో నాటరాదు. తొలకరి తరువాతనుండి చలికాలము ముగియులోపల నాటుటయే యుచితము.

నీరు: ప్రేమతో చంపుట

గులాబులు నీరులేక చచ్చుటకంటె నీరు ఎక్కువై చచ్చుటయే మన యిండ్లలో నెక్కువ. దీని కారణము తెలిసికొన్న సగము విద్య వచ్చినట్లే. వేరు కేవలము నీరు త్రాగునది కాదు, గాలి పీల్చునది కూడ. మన్ను రేణువుల నడుమనుండు సందులలో గాలి యుండును. ఎడతెగక నీరు పోసినచో ఆ సందులన్నియు నిండి గాలి వెలికి పోవును. వేరు ఊపిరాడక కుళ్లును. కుళ్లిన వేరు నీరు పీల్చలేదు గాన, చుట్టును నీరున్నను ఆకు వాడిపోవును.

ఇచ్చటనే మోసము కలదు. దాహముచే వాడిన మొక్కయు, మునిగి వాడిన మొక్కయు చూపునకు ఒక్క తీరుననే యుండును. వాడినది చూచి జాలిపడి యిల్లాలు మఱియొక చెంబు పోయును. మఱునాడు ఇంకను వాడును. ఇంకొక చెంబు. చివరకు మొక్క చచ్చును; "దినమును నీరు పోసితినే!" యని యామె వగచును. పోసినందువలననే చచ్చినదని చెప్పువారు లేరు. హస్తవాసి మాట చెప్పువారు మాత్రము సిద్ధముగా నుందురు.

దీనికి పరీక్ష సులభము. చూపుడువ్రేలిని రెండు కణుపుల లోతున మన్నులో దింపుడు. చెమ్మ తగిలిన ఆనాడు నీరు వలదు. పొడిగా నున్నచో అడుగు రంధ్రమునుండి నీరు కారువఱకు నిండుగ పోయుడు. కారినది పళ్లెములో నిలువనీయకుడు. పైపైన చిలికించిన నీరు వేళ్లను పైకి రప్పించును. అట్టివి ఎండకు మొదట మాడును. నీరు ఉదయముననే, మొదటిలోనే పోయవలెను. వేసవిలో కుండీమొక్కకు ప్రతిదినమును, కొన్ని దినములు రెండుపూటలను కావలసి రావచ్చును. వానకాలమున వారమైనను అక్కఱలేకపోవచ్చును. ఇది గడియారముచేత కాదు, వ్రేలిచేత తెలియవలసినది.

మా వీధిలో నొక యిల్లాలు కలదు. పెండ్లియై పండ్రెండేండ్లయినది, సంతానము లేదు. ఆమె పెట్టిన గులాబులు మూడు వరుసగా చచ్చినవి. ఇంటి పెద్దామె "గొడ్రాలి చేయి, ఏమి బ్రదుకును?" అనినదట. తరువాత ఆమె తులసికి నీరు పోయుటయు మాని, ఆ పని పొరుగు పిల్లలచేత చేయించుచుండెను. ఈ సంగతి తెలిసి నేను వెళ్లి మూడవ కుండీని బోర్లించి చూచితిని. అడుగున రంధ్రముమీద బల్లపరుపు బిళ్ల యొకటి అతుక్కొని యుండెను. మన్ను కుళ్లువాసన కొట్టెను. వేళ్లు నల్లబడి పట్టుకొన్న తోలు ఊడి వచ్చెను. తక్కిన రెండు కుండీలును అంతే. ఇంటికి వచ్చిన తాపీపనివాడు వరండా మరకలు పడకుండుటకై అట్లు మూసినాడట! ఆమె చేయి చేసిన నేరమేమి? రంధ్రమును తెఱచి, పెంకును బోర్లించి, కొత్తమన్ను పోసి నాలుగవది నాటినది. అది మూడు చలికాలములుగా పూయుచున్నది. మొన్న ఆ పెద్దామెయే వచ్చి కొమ్మ అడిగినదట. "ఇస్తానండీ అత్తయ్యగారూ, కాని నీళ్లు పోసేముందు వేలుపెట్టి చూడాలి" అని చెప్పి ఇచ్చినది. తులసికిని ఇప్పుడు తానే నీరు పోయుచున్నది.

ఆహారము

గులాబి తిండిపోతు; అయినను ఒక్కమారు వడ్డించిన జీర్ణించుకొనలేదు. కొద్దికొద్దిగా పెట్టవలెను. 12 అంగుళముల కుండీకి నెలకొకమారు రెండు గుప్పిళ్ల వానపాముల యెరువును, గుప్పెడు వేపపిండిని మన్నులో కలిపి నీరు పోసిన చాలును. వాడిన టీపొడిని పాలు, పంచదార లేకుండ కడిగి యెండబెట్టియే వేయవలెను. లేకున్న చీమలు పట్టును. గ్రుడ్డుపెంకులు వాడువారు వానిని మెత్తగా పొడిచేయవలెను. అప్పటికిని అవి చాల నెమ్మదిగా చివుకును గాన, వానినే నమ్మి యుండరాదు. మండువేసవిలోను, జబ్బుపడిన మొక్కకును, కొత్తగా నాటినదానికిని ఎరువు వేయరాదు.

ఆకు పసుపుబాఱుటలో భేదము తెలియవలెను. క్రింది ముదురాకులు మొత్తముగా పసుపైనచో ఆహారము చాలకపోవుటయో, నీరెక్కువగుటయో కారణము, వ్రేలిపరీక్షచే నిర్ణయింపుడు. పై లేతాకులు పసుపై, ఈనెలు మాత్రము ఆకుపచ్చగ నిలిచినచో, అది యినుపధాతువు అందకపోవుట. బోరుబావి నీరు కఠినమైన ఊళ్లలో నిది తఱచు. మన్నులో ఇనుమున్నను ఆ నీటి క్షారగుణమువలన వేరు దానిని గ్రహింపలేదు. వాననీరు పట్టియుంచి పోయుట, చివికిన ఆకుల యెరువు పెంచుట మేలు చేయును.

కత్తెర

కత్తెర పెట్టుటకు మన స్త్రీలకు చేతులాడవు. పెరిగిన కొమ్మను కోయుట పాపమువలె తోచును. అయితే ఇది మన పెద్దలకు తెలియని విద్య కాదు. వరాహమిహిరుడు 6వ శతాబ్దమున రచించిన బృహత్సంహితలో వృక్షాయుర్వేదమను అధ్యాయమున్నది. చెట్ల రోగలక్షణములలో ఆకు పాలిపోవుటను, చిగుళ్లు పెరుగకపోవుటను, శాఖాశోషమును, అనగా కొమ్మ యెండుటను ఆయన చెప్పినాడు. చికిత్సలో మొట్టమొదటిది శస్త్రముచే శుద్ధిచేయుట. పూతయు, తడుపుటయు తరువాతివి.

నేడు మన గులాబులకు మిక్కిలి ప్రాణాంతకమైన తెగులు ఈ శాఖాశోషమే. కొమ్మ కోసినచోటనుండి నల్లబడుచు క్రిందికి దిగును. అది ముడిని చేరినచో మొక్క దక్కదు. నలుపునకు రెండంగుళములు దిగువన, లోపలి బెండు తెల్లగా కనబడువఱకు కోసి, కోసిన మొనకు కాపర్ ఆక్సీక్లోరైడును నీటితో ముద్దగా కలిపి పూయవలెను. పసుపు అద్దు వాడుక కొందఱిలో కలదు. దానిని నమ్మి కత్తెర శుభ్రతను మానరాదు. ఒక మొక్క కోసినపిదప స్పిరిటుతో తుడిచికాని మఱియొకదానిపై కత్తెర పెట్టరాదు. కోసిన తుంటలను కాల్చివేయుడు.

ఏటేట చేయవలసిన కత్తిరింపు వానలు వెనుకబట్టిన పిమ్మట, సాధారణముగా అక్టోబరు నెలలో. నెల్లూరు, తిరుపతి ప్రాంతములలో అప్పుడే వానలు ముదురును గాన, అవి తగ్గువఱకు ఆగవలెను. ఎండినవి, తెగులు పట్టినవి, ఒకదానితో నొకటి రాచుకొనునవి అగు కొమ్మలను మొదట తీసి, బలమైన నాలుగైదింటిని ఒకటిన్నర అడుగు ఎత్తున నిలుపుడు. వెలుపలికి చూచు కన్నునకు పావు అంగుళము పైన, ఏటవాలుగా కోయవలెను. అప్పుడు మొక్క దోసిలివలె విచ్చుకొని, నడుమ గాలియాడును. కోసిన 45, 50 దినములకు పూలు వచ్చును. సంక్రాంతికి పూలు కావలెనన్నచో నవంబరు చివరి వారమున కోయుట సరిపోవును.

పువ్వు కోయుటయు నొక కత్తిరింపే. మనము సిగకో, పూజకో పువ్వును మెడవద్ద పుటుక్కున త్రుంచుదుము. మిగిలిన పుల్ల మొన యెండి, శాఖాశోషమునకు ద్వారము తెఱచును. పువ్వునకు దిగువ అయిదాకుల రెమ్మవఱకు కత్తెరతో కోయుడు. వాడిన పువ్వునైనను ఇట్లే తీసివేయవలెను. ఉంచినచో మొక్క తన బలమును కాయమీద పెట్టి పూత తగ్గించును.

చీడలు, తెగుళ్లు

ఆకుమీద అంచులు చెదరిన నల్లని మచ్చలు పడి, చుట్టును పసుపెక్కి రాలినచో నల్లమచ్చతెగులు. ఇది బూజుజాతి. ఆకు సుమారు 7 గంటలు తడిగా నుండిన దాని బీజము మొలచును. సాయంకాలము ఆకులమీద నీరు చల్లువారు రాత్రియంతయు దానికి పానుపు పఱచినట్లే. రాలిన ఆకులను ఏరి తగులబెట్టుట సగము మందు. చలికాలమున లేతాకులమీద తెల్లని పొడి పట్టిన బూడిదతెగులు. నీటిలో కలియు గంధకము లీటరునకు 3 గ్రాములు కలిపి, ఎండ ముదురకముందు చల్లవలెను. వేసవి తాపములోను, నూనెమందు చల్లిన రెండు వారములలోపలను గంధకము చల్లినచో ఆకు మాడును.

చిగురుమీద గుంపుగా పట్టునది పేనుబంక. నీటిధారతో కడిగినను పోవును. అచ్చట అక్షింతల పురుగులు తిరుగుచున్నచో వానిని చంపకుడు. పేనుబంకయే వాని యాహారము. వేసవిలో ఆకుల అడుగున సన్నని ఎఱ్ఱచుక్కలవలె నుండి ఆకును వన్నె తఱిగించునది ఎఱ్ఱనల్లి. ఉదయమున ఆకు అడుగుభాగమును నీటితో కడుగుట మంచిది. మొగ్గ విచ్చక, అంచులు కమిలిపోయినచో తామరపురుగులు. అట్టి మొగ్గలను తెంపి నాశము చేయుడు. మూడింటికిని లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనెను, కొంచెము సబ్బునీటితో బాగుగా కలిపి, వారమున కొకమారు సాయంకాలము, ఆకు చీకటిలోపల ఆరునట్లు చల్లవచ్చును. కొమ్మమీద ఎఱ్ఱని పొలుసు కట్టినది పొలుసుపురుగు. స్పిరిటులో ముంచిన దూదితో రుద్ది తీయవలెను.

తీవ్రమైన విషములు ఇంటిపెరటికి తగవు. ఆ పువ్వు మన సిగలోనికి, దేవుని గదిలోనికి, పసిపిల్ల చేతిలోనికి వచ్చును. మందుడబ్బాలమీద మూలపై నిలిచిన చతురస్రమొకటి యుండును. దాని క్రిందిభాగపు రంగు విషతీవ్రతను తెలుపును. ఎఱుపు అత్యంత తీవ్రము, తరువాత పసుపు, నీలము, ఆకుపచ్చ. ఎఱుపు, పసుపు గుర్తులవానిని ఇంటికే తేవలదు. గుల్కందుకొఱకు విషమందు చల్లని మన పెరటి నాటుగులాబి రేకులే కోయవలెను. అలంకారమునకు బజారున నమ్ము గులాబులకు ఏమేమి చల్లిరో మనకు తెలియదు.

ఋతుచర్య

చైత్ర వైశాఖములలో కత్తెర పెట్టకుడు, ఎరువు వేయకుడు; మొదటిలో ఎండుటాకులో, కొబ్బరిపీచో రెండంగుళముల మందమున పఱచి చల్లగ నుంచుడు. ఆ నెలలలో పువ్వు చిన్నదైన చింతింపకుడు. బ్రదికి యుండుటయే మొక్కకు అప్పటి పని. వానకాలమున నీరు నిలువకుండ చూచుకొనుచు, రాలిన ఆకుల నేరుచుండుడు. శరత్తున కత్తిరింపు, దానివెంట ఎరువు. హేమంత శిశిరములు పూలపండుగ.

సోదరీమణులారా, ఇక మీ యింట గులాబి వాడినచో మొదట వ్రేలు మన్నులో దింపుడు. పిదప కుండీ అడుగు రంధ్రమును, ఎండ వచ్చు గంటలను, కొమ్మ మొనలను, ఆకు అడుగును చూడుడు. ఈ యైదింటిలో నెచ్చటనో కారణము మీకు దొరకును. దొరకినదానిని ఇంటిలోని పెద్దలకును, పిల్లలకును చూపుడు. ఆడపిల్లలకు కత్తెర పట్టించుడు. పువ్వు నెచ్చట కోయవలెనో నేర్పుడు. పొరుగున నెవతెకైన "నీ చేయి మంచిది కాదు" అను మాట తగిలియున్నచో, ఈ చలికాలము ఒక నాటుగులాబి కొమ్మను, ఒక గుప్పెడు ఇసుకను తీసికొని ఆమె యింటికి వెళ్లుడు. ఆమెచేతనే నాటింపుడు.